గార్డు బంగారయ్య ఆపిల్ కాబ్లారు

రాయపూరు రైల్వే కాలనీలో గార్డు బంగారయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆదివారం వచ్చిందంటే ఆపిల్ కాబ్లారు చెయ్యాలి, చేసినదాన్ని మాడ్చాలి. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోడు, పైవాళ్ళ చేత పల్లెత్తు మాట పడడు. వారంలో ఆరు రోజులు అంత బుద్ధిమంతుడు లైను మొత్తం మీద ఇంకొకడు ఉండడు. ఆదివారం డ్యూటీ పడితే మటుకు ఎవరి గడ్డమైనా పట్టుకుని మార్పించుకునేవాడు. ఆ పూట ఆయన వంటింట్లోంచి లేచే పొగ చూసి, కాలనీకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇంజను షెడ్డు ఆ పక్కనే ఉందనుకునేవారు.

కాబ్లారు అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఆపిల్ ముక్కలు కోసి, పంచదార, వెన్న, దాల్చినచెక్క పొడి కలిపి ఇనప మూకుట్లో పరుస్తారు. పైన మైదాపిండి, వెన్న, పాలు, చిటికెడు వంటసోడా కలిపిన ముద్దను గడ్డలు గడ్డలుగా వేస్తారు. మూత పెట్టి కింద నిప్పులు, మూత మీద నిప్పులు. కాసేపటికి ముక్కలు పాకంలో మగ్గి, పైన గడ్డలు పొంగి బంగారు రంగుకు తిరుగుతాయి. తిరుగుతాయని వినికిడి. బంగారయ్య ఇంట్లో ఆ రంగు చూసినవాళ్ళు లేరు.

ఆపిల్ పండంటే ఆ రోజుల్లో మందు కింద లెక్క. జ్వరం వచ్చి లేచినవాళ్ళకు డాక్టరు చెబితే ఒక పండు తెచ్చి, చెక్కలు చేసి, ఇంటిల్లిపాదీ చూస్తుండగా రోగి చేత తినిపించేవారు. అలాంటిది బంగారయ్య నాగపూరు వైపు నుంచి వచ్చే గార్డుల చేత సంచీ నిండా తెప్పించేవాడు. ఆ సంచీతో కాలనీలో అడుగు పెట్టగానే ప్రతి గుమ్మంలోంచీ ఒకటే పలకరింపు.

"ఎవులికి బాగోనేదు బంగారయ్యా?"

"అందరం బాగానే ఉన్నాం."

"మరి సూరమ్మ అవుపించడం నేదేటి?"

"వంటింట్లో ఉన్నాది."

"దైర్నం సెడకు బావూ. బగమంతుడున్నాడు."

ఈ లెక్కన బంగారయ్య భార్య సూరమ్మకు, ఆమె పప్పు తాలింపు ఆమె వేసుకుంటూ ఉండగానే, ఎన్నిసార్లు ప్రాణం మీదికి వచ్చిందో చెప్పలేం. ఒకసారైతే పక్కింటి దాలమ్మ బార్లీ గంజి కాచి పట్టుకొచ్చి, గుమ్మంలో సూరమ్మను నిలువుగా చూసి, కాస్త నిరుత్సాహపడి వెళ్ళిపోయింది.

ఆపిల్ దొరకని నెలల్లో జామకాయ. జామ లేకపోతే బొప్పాయి. అదీ లేకపోతే ఆనపకాయ. ఏది వేసినా పేరు మాత్రం ఆపిల్ కాబ్లారే.

"ఆనపకాయని పట్టుకుని ఆపిల్ అంటారేటండీ?" అని సూరమ్మ అడిగితే, "గూడ్సు పెట్టిలో దొర ఎక్కితే అది దొరలెక్కే సెలూన్ పెట్టి అయిపోదేటి?" అనేవాడు.

వంటింట్లో ఆయన నియమాలు వేరు. మూకుడు నిప్పుల మీదికి ఎక్కగానే ఈల తీసి ఊదేవాడు. పచ్చజెండా ఊపేవాడు. తరువాత గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, ఎర్రజెండా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఇక ఆ ఇంట్లో మరో పొయ్యి వెలగడానికి వీల్లేదు.

"పప్పు పడెయ్యాల, జరగండి."

"బండి సెక్షన్లో ఉన్నాది. లైను క్లియర్ నేదు."

"మంచినీళ్ళైనా తాగనివ్వరా?"

"పెరటి గుమ్మంలోంచి లూప్ లైన్లో రా."

ఆ బండి సెక్షన్ దాటడానికి ఒక లెక్క ఉంది. ధమ్తరీ పోయే చిన్న బండి కూత వేసి అభన్‌పూర్ దారి పట్టగానే మూకుడు పొయ్యి ఎక్కాలి. సాయంత్రం పాసింజరు వచ్చి కూత వెయ్యగానే దిగాలి. చిన్న బండి వేళకే పోయేది. పాసింజరు మాత్రం దాని ఇష్టం. వానకు ఒక రకం, ఎండకు ఒక రకం, పండగలకు ఇంకో రకం. అది వేళకు వస్తే కాబ్లారు, ఆలస్యంగా వస్తే బొగ్గు. ఎప్పుడైనా కర్మం చాలక సరిగ్గా వేళకు వచ్చేసిందనుకోండి, ఆ రోజు పంచదార బదులు ఉప్పు పడి ఉండేది.

"జేబులో గడియారం ఉన్నాది గదా, అది సూసుకుని దించొచ్చు గదా?" అని పక్కింటి పరదేశి ఒకసారి అడిగి చూశాడు.

"గురువు చెప్పిన లెక్క తప్పకూడదు. కళ్ళు పోతాయి" అని చెంపలు వేసుకున్నాడు బంగారయ్య.

ఆ గురువు బ్రిగ్స్ దొరసాని. డ్రైవరు బ్రిగ్స్ దొర పెళ్ళాం. ఆయన పోయి ఇక్కడి మట్టిలోనే కలిశాడు. స్వరాజ్యం వచ్చాక ఆమె కులపువాళ్ళు, ఆంగ్లో ఇండియన్లంతా, ఒక్కొక్క కుటుంబమే ఓడలెక్కి వెళ్ళిపోతే, కాలనీ చివర నీలం తలుపుల బంగళాలో ఆమె ఒక్కతే మిగిలింది. చిన్నప్పుడు అమెరికా మిషన్ దొరసానుల దగ్గర ఈ వంట నేర్చుకుందట. వంటింట్లో గడియారం లేక రైలు కూతల మీద లెక్క కట్టుకుందట. మాడిన మూకుణ్ణి తువ్వాల్లో చుట్టుకుని, బంగారయ్య ప్రతి ఆదివారం సాయంత్రం తప్పు దిద్దించుకోవడానికి ఆమె దగ్గరికి వెళ్ళేవాడు. ఆమె చెంచాతో పొడిచి చూసి, తలపట్టుకుని, మొదటి నుంచీ పాఠం చెప్పేది. దీపాలు పెట్టే వేళకు ఆయన ఇల్లు చేరేవాడు. మళ్ళీ ఆదివారం మళ్ళీ బొగ్గు.

సూరమ్మ ఆ వంటకు 'నా సవితి' అని పేరు పెట్టింది. అందులోంచి ఒక్క ముక్క కూడా నోట పెట్టనని ఒట్టు వేసుకుంది. ఆ బంగళా గడప కూడా ఎప్పుడూ తొక్కలేదు.

ఆమె కోపానికి కారణం పొగ కాదు, పార్వతీపురం. ఆమె పుట్టిందీ పెరిగిందీ అక్కడ. రాయపూరు వచ్చి ఇన్నేళ్ళైనా మనసు అక్కడే ఉండిపోయింది. హిందీలో బేరమాడి తెచ్చిన కూరకు రుచి ఉండదని ఆమె నమ్మకం. అక్క గంగాభవానితో పెరటి గోడ మీంచి తనివితీరా దెబ్బలాడాలి, సాయంత్రానికి ఆ గోడ మీంచే పులుసు గిన్నె అందుకోవాలి. ఇక్కడ దెబ్బలాడదామన్నా కుదరదు. సరైన హిందీ మాట గుర్తొచ్చేసరికి అవతలి మనిషి ఇంటికి పోయి అన్నం తింటూ ఉండేది. విజయనగరం వైపు పోయే బండి కూత వినబడితే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఆ బండి తన ఊరి మీదుగానే పోతుంది, తను మాత్రం పోదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపు వచ్చేది.

అలాంటి సమయంలో దేవుడు పంపినట్టు దానయ్య దిగాడు. దానయ్య పార్వతీపురంలో గార్డు. ఆయన అత్తవారిది రాయపూరు పక్కన బీర్‌గావ్. అత్తగారి చేతివంటకు దగ్గరగా ఉండాలని ఆయన ఆశ. ఇద్దరు గార్డులూ ఒప్పుకుని సంతకాలు పెడితే ఒకరి చోటుకొకరు మారిపోవచ్చు. దాన్నే మ్యూచువల్ అంటారు.

"సంతకం ఎట్టీ బావూ. నువ్వు మా ఊరు, నాను మీ ఊరు."

"ఎడతాను. కాబ్లారు కుదరనీ."

"ఏటి కుదరాల?"

"కాబ్లారు. దొరసానిగారు పాస్ చెయ్యాల. నేర్చుకోడం సగంలో ఒగ్గీసి పోతే విద్యకి అవమానం."

దానయ్య అయోమయంగా సూరమ్మకేసి చూశాడు. సూరమ్మ నుదురు కొట్టుకుంది.

"దసరా దాకా సూస్తాను బావూ," అన్నాడు దానయ్య. "అప్పటికీ కాకపోతే ఇంకోణ్ణి ఎతుక్కుంటాను."

దసరా ఎంతో దూరంలో లేదు. సూరమ్మ కొంగు బిగించింది. ఆ ఆదివారం కాబ్లారు కుదరాల్సిందే అని, తనే ఆపిల్ ముక్కలు కోసింది, తనే వెన్న కాగబెట్టింది, ఉప్పు డబ్బా తీసి బియ్యం బస్తాలో దాచేసింది. బొగ్గులు రాజేసి విసనకర్రతో విసిరింది. బంగారయ్యకు ముద్దలు వెయ్యడం తప్ప పని మిగల్లేదు. ఆయన ముఖం అంత దిగాలుగా ఉండడం సూరమ్మ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే పరదేశి తలదువ్వుకుని, చొక్కా వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"మా అత్త పాసింజరుకి దిగుతాది. టేసనుకి పోతన్నాను."

"ఇప్పుడెందుకు పోతావు?" అన్నాడు బంగారయ్య. "ఇందాకే కనుక్కున్నాను. ఇంజను చెడిపోయి డోంగర్‌గఢ్‌లోనే పడుంది. చీకటి పడితే గానీ రాదు. హాయిగా పడుకుని లే."

పరదేశి అత్తగారి రాక ఆలస్యమైనందుకు సంతోషంగా వెళ్ళిపోయాడు. చిన్న బండి కూత వేసింది. బంగారయ్య ఈల ఊది, మూకుడు పెట్టి, ఎర్రజెండాతో పీట మీద కూర్చున్నాడు.

కాసేపటికి వాసన లేచింది. వెన్న, దాల్చినచెక్క, మగ్గిన పండు అన్నీ కలిసి వంటిల్లంతా కమ్మగా నిండిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ సవితి మీద సూరమ్మకు నోరూరింది. బంగారయ్య ముక్కు ఎగబీల్చాడు. ఆయన చెయ్యి దానంతట అదే మూత మీదికి పోయింది. పోయినది ఆగింది. వెనక్కి తీసుకుని, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

"దించండి, అయిపోనాది" అంది సూరమ్మ.

"పాసింజరు రాలేదు గదా."

సూరమ్మ విసనకర్ర పక్కన పడేసింది. పాసింజరు చీకటి పడితే గానీ రాదని ఇందాక పరదేశికి చెప్పింది ఈయనే. తెలిసి కూర్చున్నాడు. ఉప్పూ తెలిసే పోశాడు. ఇన్నేళ్ళ బొగ్గూ తెలిసే చేశాడు. "ఈయనకి నన్ను మా ఊరు తీసుకుపోవడం ఇష్టం లేదు" అనుకుంది. కమ్మటి వాసన కాస్తా మాడు వాసనగా మారుతుంటే, ఆమె పెరట్లోకి పోయి నిలబడి ఏడ్చింది.

మర్నాడు బంగారయ్య బండి ఎక్కగానే సూరమ్మ తిన్నగా నీలం తలుపుల బంగళాకు నడిచింది. మీ శిష్యుడు దొంగ అని చెప్పి, కడిగి, ఆ చదువు అక్కడితో ముగించేయించాలని ఆమె ఉద్దేశం.

తలుపు తీసిన మనిషి పలచగా, కొంగలాగా ఉంది. "గార్డ్ పెళ్ళానివా? ఇన్నేళ్ళకి వచ్చినావా? రా, బైఠో" అంది. వాల్తేరులో చాలాకాలం ఉండడంతో దొరసాని నోట తెలుగు బాగానే ఆడేది. లోపల పెద్ద భోజనాల బల్ల. చుట్టూ బోలెడు కుర్చీలు, అన్నీ తుడిచి సర్దినవే. వాటిలో రెండింటి మీద మాత్రమే దిండ్లు నలిగి ఉన్నాయి. మిగతావాటి మీద కూర్చునే జనం లేరని చెప్పకుండానే తెలుస్తోంది.

"ఏ ఊరు నీది?"

"పార్వతీపురమండి."

"పార్వతీపురం!" దొరసాని చేతులు జోడించి గుండెకు ఆనించుకుంది. "రాయగడ బ్రిడ్జి ఎక్కే ముందు మా బ్రిగ్స్ చిన్న కూత వేసేవాడు. వెనక పెట్టెలో పడుకున్న నన్ను లేపడానికి. లే రోజీ, నాగావళి చూడు అని. మీ టేసన్లో ఒకామె తాటాకులో ముంజలు పెట్టి అమ్మేది. చిల్లర ఇచ్చేలోపు బండి కదిలితే ఇంజను వెంట తిట్టుకుంటా పరిగెత్తేది."

"ఎర్రసీర, ముక్కుకి పెద్ద బేసరి?"

"హా! ఆమే."

"అది మా మేనత్తండి!"

ఇద్దరూ నవ్వారు. రాయపూరులో నాగావళి పేరు ఇంకొకరి నోట వినడం సూరమ్మకు అదే మొదలు. కడగడానికి వచ్చిన మనిషి దిండు నలగని కుర్చీలో కూర్చుని, ముంజల గురించీ చింతచిగురు గురించీ పొద్దెక్కేదాకా మాట్లాడింది. చివరికి దొరసానే అడిగింది.

"ట్రాన్స్‌ఫర్ కోసం వచ్చినావు గదా? ఆ దానయ్య మొన్న వచ్చి నా కాళ్ళ మీద పడినాడు. పాస్ చెయ్యండమ్మా, మా అత్త నా కోసం కోళ్ళు మేపుతోంది అన్నాడు."

సూరమ్మ తలవంచుకుంది. "ఆయనకి కాబ్లారు సెయ్యడం వొచ్చు దొరసానమ్మగారూ. కావాలనే మాడస్తన్నారు."

"నాకు తెలీదా? మొదటి చలికాలంలోనే వచ్చేసింది. నాకు నేర్పిన మిషన్ దొరసానుల కంటే బాగా చేసినాడు. నేను బుద్ధి లేక, ఇంక నీకు నేర్పడానికి ఏమీ లేదయ్యా, నువ్వు రానక్కర్లేదు అన్నాను. అంటా ఉంటే నా మొహం ఎట్లా అయిందో ఏమో. మరుసటి ఆదివారం బొగ్గు పట్టుకొచ్చినాడు. అప్పట్నించి బొగ్గే."

"మరి మీరేటి సేసినారు?"

"తిన్నాను. పళ్ళు లేవు గదా, టీలో నానబెట్టి తిన్నాను." దొరసాని సూరమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దు, మానెయ్యి అనాల్సింది. అనలేకపోయినాను. వారమంతా నేను ఆదివారం కోసమే చూస్తాను బిడ్డా. అది నా తప్పే. ఈసారి పాస్ చేసేస్తాను. మీరు ఊరు పోండి."

దసరా ముందు ఆదివారం ఆ బల్ల దగ్గర నలుగురు చేరారు. సంతకం కోసం దానయ్య కలం మూత తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. బంగారయ్య తువ్వాలు విప్పాడు. ఆ రోజు బొగ్గు మామూలు బొగ్గు కాదు, ఇంజనులో వేస్తే బిలాస్‌పూర్ దాకా పోయేంత బొగ్గు. దొరసాని ఒక పెళ్ళ విరిచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఫస్ట్ క్లాస్! గార్డ్, పాస్ అయిపోయినావు."

బంగారయ్య అదిరిపడ్డాడు. "సరిగ్గా సూడండి దొరసానిగారూ. మాడిపోనాది."

"మాడలేదు."

"ఇది బొగ్గండీ!"

"బొగ్గు నాకు తెలీదా? నేను డ్రైవర్ పెళ్ళాన్ని. ఇది కాబ్లారు."

"అయ్యా దానయ్యా, నువ్వైనా సెప్పు!"

దానయ్య ఒక ముక్క నమిలాడు. కళ్ళంట నీళ్ళు కారాయి. "మా బాగున్నాది బావూ," అన్నాడు గుటక పడక. "ఇంత మంచి తిండి నా జన్మలో తినలేదు."

"అన్యాయం! నాకు రాదండీ, నిజంగా రాదు!" పరీక్ష తప్పానని బతిమాలుకునే విద్యార్థిని ఆ బంగళా గోడలు అప్పుడే చూసి ఉంటాయి. ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వు సెప్పే. ఇది తిండేనా?"

సూరమ్మ ఒట్టు గట్టున పెట్టి ఒక పెళ్ళ నోట్లో వేసుకుంది. కటిక చేదు. పార్వతీపురం పోవాలని ఆమెకు ఆ నిమిషంలో ఉన్నంత కోరిక అంతకు ముందెప్పుడూ లేదు. అక్క, గోడ, పులుసు గిన్నె అన్నీ కళ్ళ ముందు నిలబడ్డాయి. బాగుంది అని ఒక్క మాట అంటే చాలు. ఎదురుగా దొరసాని నవ్వుతూనే ఉంది గానీ, చేతులు బల్ల మీద రాలిన బొగ్గు పొడిని ఒక్క రవ్వ కూడా పోకుండా పోగు చేసుకుంటున్నాయి. బంగారయ్య ఆ చేతులకేసే చూస్తున్నాడు. ఈ మనిషి తన ఊరికి అడ్డం పడ్డాడని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇంత మెత్తని మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, పొగ తప్ప ఇంకేమీ చూడలేదు గదా అనిపించింది.

"దొరసానమ్మగారూ, ఈయన పాసయ్యారు. మరి నాకెప్పుడు నేర్పుతారు?"

దొరసాని కళ్ళజోడు సర్దుకుంది. "నీకా? నువ్వు తెలివైనదానివి. రెండు ఆదివారాల్లో వచ్చేస్తుంది."

"నానా? నాను మా సెడ్డ మందబుద్ధిదాన్నండి. పులుసు ఎట్టడమే పెళ్ళైన ఐదేళ్ళకి వొచ్చింది. మా అక్కనడగండి."

దొరసాని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. బంగారయ్య ఎటు చూడాలో తెలియక మూకుణ్ణి మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు, మళ్ళీ విప్పాడు.

"మరి నా సంగతేటమ్మా?" అన్నాడు దానయ్య.

"మీరు ఇంకోళ్ళని సూసుకోండి దానయ్యగారూ. ఎలాగూ బాగుందన్నారు గదా, ఇంకో ముక్క తినెల్లండి."

దానయ్య కలానికి మూత పెట్టి, మర్యాద కోసం ఇంకో ముక్క తినే వెళ్ళాడు.

ఆ మరుసటి ఆదివారం నుంచి సూరమ్మ చదువు మొదలైంది. బంగారయ్య పక్కన కూర్చుని తొక్కలు తీసేవాడు. ఆడవాళ్ళిద్దరూ నాగావళి ఒడ్డున తిరిగి తిరిగి, పొయ్యి సంగతి మరిచిపోయేవారు. చదువు తొందరగా తెమలకుండా అప్పుడప్పుడూ కాస్త చెడగొట్టాలని సూరమ్మ ముందే నిశ్చయించుకుంది. ఆ శ్రమ ఆమెకు ఎన్నడూ పడలేదు. ఒక వారం పిండి రాయైంది, ఒక వారం పాకం నిప్పుల్లోకి పొంగింది, ఒక వారం మిరియాల పొడి వేసి దాల్చినచెక్క అనుకుంది.

దొరసాని మూకుట్లోకి తొంగిచూసి, బంగారయ్య చెవిలో సంబరంగా చెప్పింది. "గార్డ్, నీ పెళ్ళాం నీలాగ నాటకం ఆడడం లేదయ్యా. ఈ పిల్లకి నిజంగానే రాదు!"